కాలరుకు అంటిన పసుపు

నాకు భయం ఎక్కువ. మీద బల్లి పడితే భయం, మేనేజరుగారు గదిలోకి రమ్మంటే భయం, ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే మరీ భయం. అట్లాంటిదాన్ని పోయిపోయి అల్లూరు దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ సూపర్‌వైజరుగా చేరాను. మా ఆయనది చేపలవేట. చీకటితోనే బోటులో సముద్రం మీదికి పోతే, మళ్లీ రేవుకు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. అంటే, నేను ఫ్యాక్టరీలో మెడలోంచి తాళి తీసే వేళకి ఆయన నీళ్ల మీద ఉంటాడు. నా భయమంతా అక్కడే.

తియ్యక తప్పదు. బట్టలు మార్చుకునే గదిలో గాజులు, కమ్మలు, బొట్టు, పూలు అన్నీ తీసి లాకర్లో పెట్టాలి. తెల్లకోటు, తలకు నెట్టు, మూతికి మాస్కు, కాళ్లకు గంబూట్లు వేసుకున్నాకే రొయ్యలున్న హాల్లోకి అడుగు పెట్టనిస్తారు. మొదట్లో తాళిని కోటు లోపలికి దోపుకుంటే ఊరుకునేవాళ్లు. పసుపుతాడు పోగు ఊడి రొయ్యల్లో పడితే సరుకంతా వెనక్కి వస్తుందని తర్వాత అదీ తియ్యమన్నారు. న్యాయమే. నా కంచంలో దారప్పోగు కనిపిస్తే నేను మాత్రం ఊరుకుంటానా? న్యాయమని ఒప్పుకున్నంత మాత్రాన చెయ్యి వణక్కుండా ఉంటుందా ఏమిటి!

ఈ సంగతి మా అత్తకు తెలియదు. మామ వేటకు పోయి తిరిగి రాలేదు. అప్పటినుంచి రేవులో చేపలమ్మి కొడుకును పెంచుకుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది: "మొగుడు నీళ్ల మీద ఉండంగా మెళ్లో తాడు తియ్యబాక మే. నీకు దణ్ణం పెడతా." ప్రతి శుక్రవారం నాచేత తాళికి, మెడకు చిక్కగా పసుపు రాయించేది. తను మాత్రం గిన్నె ముట్టుకునేది కాదు. మొగుడు పోయినదాన్ని, నా చెయ్యి తగలకూడదని దూరంగా గోడకు ఆనుకుని కూర్చుని చూసేది. పసుపు కాస్త పలచబడితే ఆమె ముఖం మాడిపోయేది.

ఇక నా అవస్థ చూడండి. పొద్దున్న ఫ్యాక్టరీ కుళాయి దగ్గర సబ్బు పెట్టి మెడ రుద్దుకోవడం, సాయంత్రం షేర్ ఆటోలో సంచిలోంచి పసుపు పొట్లం తీసి మళ్లీ పూసుకోవడం. పక్కన కూర్చున్నవాళ్లు నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు. చూస్తే చూడనీ అనుకునేదాన్ని, అత్త కళ్లకంటేనా!

అట్లా ఉండగా, మా రొయ్యలు కొనేవాళ్ల తరఫున విదేశం నుంచి ఒక పెద్దావిడ తనిఖీకి వస్తోందన్నారు. ఆమెకు అన్నీ దగ్గరుండి చూపించే పని నా నెత్తిన పడింది. మేనేజరుగారు మాకు వారం ముందునుంచే పాఠాలు మొదలుపెట్టారు. కళ్లలోకి చూసి మాట్లాడాలి, చేతులు కట్టుకుని నిలబడకూడదు, ఫోన్ ముట్టుకోకూడదు, చిరునవ్వు చెరగకూడదు. మాస్కు వేసుకున్నాక నవ్వు ఎవరికి కనపడుతుందండీ అని అడగబోయి నోరు మూసుకున్నాను.

ఆ రోజు తెల్లవారుజామునే గాలి లేచింది. ఇంటి మీది రేకులు దడదడలాడుతున్నాయి.

"ఈ పూట పోబాకయ్యా, గాలి తేడాగా ఉండాది," అన్నాను.

"అందురూ పోతుంటే నేనొక్కణ్ణే ముసుగుదన్ని పడుకునేదా?" అని నవ్వేసి పోయాడు మా ఆయన.

ఫ్యాక్టరీలో తాళి తీసి టిఫిన్ బాక్సు మూతలో పెట్టి లాకర్లో దాచాను. మెడను మామూలుకంటే గట్టిగా రుద్దుకుని, తెల్లకోటు తొడుక్కుని, చిరునవ్వు ఒకటి ముఖానికి తగిలించుకుని నిలబడ్డాను.

పెద్దావిడ ముందుగా మా బట్టల గదికే వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, నా కాలరు లోపలివైపు వేలు చూపించింది. పసుపు! ఎంత రుద్దినా ఎక్కడో మిగిలి, చెమటకు తడిసి కాలరుకు అంటుకుంది. ఇది నా పెళ్లి తాడుకు రాసే పసుపు, తాడు తీసి లాకర్లో పెట్టాను అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఏదీ చూపించమంది.

లాకరు తెరిచాను. మూతలో తాళి, పక్కనే వెలిగి ఆరుతున్న ఫోను. అప్పటికే ఎన్నోసార్లు చేసినట్టుంది అత్త. డ్యూటీలో ఉండగా ఏనాడూ ఫోన్ చెయ్యని మనిషి. నా పైప్రాణాలు పైనే పోయాయి. వద్దన్నట్టు మేనేజరుగారు కళ్లతోనే ఉరిమారు. పాఠాలూ లేవు, మర్యాదా లేదు, ఒక చేత్తో తాళి, ఒక చేత్తో ఫోన్ తీసేశాను.

"యాడుండావు మే?" అవతల గాలి హోరు. "అందురి బోట్లూ వొచ్చేసినయ్యి. మనోడిదే రాలా. మెళ్లో తాళి ఉండాదా?"

ఉందత్తా అని ఒక్క మాట అంటే ఆ పూటకు గడిచిపోయేది. నోరు రాలేదు.

"లేదత్తా. ఈడికి రాంగానే తీసేస్తా. రోజూ తీస్తానే ఉండా. ఇప్పుడు చేతిలో ఉండాది."

ఇక శాపనార్థాలు మొదలవుతాయి అనుకున్నాను.

"ఐతే చేతిలోదన్నా వొదలబాక," అంది. "గట్టిగా పట్టుకో."

ఫోన్ పెట్టేసింది. ఏమైందని పెద్దావిడ అడిగింది. కళ్లలోకి చూసే ధైర్యం లేక నేల చూస్తూ "హస్బెండ్... బోట్... సీ..." అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. ఆమె మేనేజరుగారితో ఏదో చెప్పింది. ఆయన ఇంకో అమ్మాయిని పిలిచి, ఆవిడను తీసుకుని లోపలికి పోయారు.

నేను లాకరు కిందున్న బెంచీ మీద కూలబడ్డాను. తాళి మెళ్లో వేసుకోవచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు తోచలేదు. పట్టుకోమంది, పట్టుకున్నాను. పిడికిలి సడలితే ఆయన చెయ్యి బోటు మీదినుంచి జారిపోతుందేమోనని భయం. తల్లీ గంగమ్మా, నేను తీసింది నాలుగు మెతుకుల కోసమమ్మా, నా మీద కోపం ఆయన మీద చూపించొద్దమ్మా అని గొణుక్కుంటూ ఉండిపోయాను. అన్నాలవేళ దాటిపోయింది. ఎవరో తినమన్నారు, తల అడ్డంగా ఊపాను.

మళ్లీ ఫోన్ మోగింది. ఎత్తడానికి భయం, ఎత్తకపోవడానికీ భయం.

"వొచ్చినాడు మే!" అత్త అరిచింది. "ఇంజను చెడిపోయిందంట. వేరే బోటోళ్లు తాడేసి లాక్కొచ్చినారు."

సిగ్గు లేకుండా భోరున ఏడ్చాను. పిడికిలి విప్పితే అరచేతిలో తాళిబొట్ల అచ్చులు పడి ఉన్నాయి.

మరునాడు మేనేజరుగారు గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఇంకోసారి కాలరు మీద పసుపు కనపడితే ఉద్యోగం ఉండదన్నారు. ఇంట్లో అత్త మాత్రం తాళి మాటే ఎత్తలేదు. నాకు అది ఇంకా భయమనిపించింది.

శుక్రవారం వచ్చింది. మామూలుగా పసుపు గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. అత్త గోడ దగ్గరనుంచి లేచి వచ్చింది. ఇన్నేళ్లూ ముట్టని గిన్నెను తన దగ్గరికి లాక్కుంది.

"కాళ్లు ఇట్టా చాపు," అంది.

"మెడకు వొద్దా అత్తా?"

"నేను ఒక్క పూట కూడా తాడు తియ్యలేదు మే," అంది తల ఎత్తకుండా. "ఐనా మీ మామ రాలా."

ఆమె నా పాదాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లోకి కూడా పోయేలా పసుపు రాయడం మొదలుపెట్టింది.

"ఆ బూట్లలో ఎవురు జూడొచ్చినారు?" అంది.

తెల్లారితే ఆయన వేటకు పోవాలి, నేను డ్యూటీకి పోవాలి. లాకరు గుర్తుకొచ్చి నా వేళ్లు అప్పుడే వణుకుతున్నాయి. కానీ పసుపు రాస్తున్న ఆమె చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది.