ఝరాసంగంలో అక్క చేతి జొన్నరొట్టె

ఆరేళ్ళుగా నేను ఊరు దాటాలంటే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కునేవాణ్ణి. పెద్దపేగులో తిత్తులు ఏర్పడ్డాయి. అవి వాచినప్పుడల్లా జ్వరం, ఎడమవైపు మెలిపెట్టే నొప్పి. ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పాడైన ముక్క తీసేశారు. పీచున్న తిండి కొద్దికొద్దిగా మొదలుపెట్టి నీళ్ళు బాగా తాగమని డాక్టరు చెప్పినా నాకు ధైర్యం చాల్లేదు. ఎట్టకేలకు మొన్న ఆదివారం జహీరాబాద్ నుంచి ఝరాసంగంలో ఉన్న మా అక్క ఇంటికి బయల్దేరాను, అదీ షేర్ ఆటోలో!

దారిలో ఎక్కడ దిగాల్సి వస్తుందోనని ఇన్నేళ్ళూ ఆటో మొత్తం నేనే మాట్లాడుకునేవాణ్ణి. తొమ్మిదింటికి తెలిసిన డ్రైవరు నన్ను చూడగానే, "రిజర్వే గద సేఠ్? ఎక్కు" అన్నాడు.

"కాదు భాయ్, ఇయ్యాల షేర్ల వస్త."

"మధ్యల ఆపమంటే అందరు తిడ్తరు, సూడు మల్ల."

"ఎక్కడ గూడ ఆపమన. ఫికర్ జెయ్యకు."

అన్నానే గానీ దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడున్నాయో మనసులో లెక్కపెట్టుకున్నాను. ఆటో నిండడానికి అరగంట, తలా నలభై రూపాయలు. కంది చేల మధ్య ముప్పావుగంట ప్రయాణం. ఒకరి మోచేయి నా డొక్కలో, ఇంకొకరి బియ్యం సంచి నా కాళ్ళ మీద. అబ్బ, ఆ ఇరుకు ఎంత హాయిగా ఉందో! ఎక్కడా ఆపమనలేదు.

అక్క ఎప్పటిలాగే నాకు మెత్తటి అన్నం, మజ్జిగ విడిగా పెట్టింది. పెనం మీద జొన్నరొట్టె, పక్కన పుంటికూర పప్పు. "నాకు గూడ గదే పెట్టు" అనగానే ఆమె ముఖం వాడిపోయింది.

"వద్దు తమ్మీ. ఆరేండ్ల కింద నా చేతి రొట్టె తిన్ననాడే గద నిన్ను దవాఖానకు ఎత్తుకపోయిన్రు. నాకు భయమైతది."

ఇన్నేళ్ళూ ఆ నేరం తన మీదే వేసుకుందని అప్పుడు తెలిసింది. నా నొప్పి గోలలో ఒక్కసారీ గమనించనందుకు సిగ్గేసింది.

"గది నీ రొట్టెతోని రాలె అక్కా. తిత్తులు ఎప్పటి సందో ఉన్నయంట, డాక్టరే జెప్పిండు."

ఒక్కటంటే ఒక్కటే వడ్డించింది. నిదానంగా నమిలి తిన్నాను, ఎంత రుచో! తను మాత్రం "నేను మల్ల తింట" అంటూ నా ముఖమే చూస్తూ కూర్చుంది.

ఐదింటికి ఇల్లు చేరాను. నొప్పి లేదు, జ్వరం లేదు. కడుపు సంగతే మర్చిపోయి ఇంటి ముందరి నా దుకాణం పనిలో పడ్డాను. అలా మర్చిపోగలగడమే నాకు దొరికిన కొత్త బతుకు. ఆపరేషన్ చేసినవాళ్ళకు, భయపడుతూనే వడ్డించిన అక్కకు దండం పెట్టుకున్నాను. ఎనిమిదింటికి గుర్తొచ్చి ఆమెకు ఫోన్ చేసి, "మంచిగున్న అక్కా" అన్నాను.

"సరే తమ్మీ. అయితే గిప్పుడు తింట" అంది.

ఆపరేషన్ తర్వాత తొలి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు ఒకే సూచన: ఇల్లు చేరగానే ఫోన్ చేయండి. నేను మూడు గంటలు ఆలస్యం చేశాను.