ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు

మా హెడ్ గుమాస్తా గారు పోయారు. వాళ్లబ్బాయి చీటీ రాసి మనిషి చేత ఆఫీసుకు పంపాడు. "నాన్నగారు ఈ పొద్దున ఏడింటికి పోయారు. సమాధి రేపు సాయంత్రం నాలుగింటికి. గన్నవరంలో బస్సు దిగి, చర్చి పక్క సందులోకి రండి. దండలు తేవద్దు." అంతే. కీర్తిశేషులు లేరు, దివంగతులు లేరు, తీరని లోటు లేదు. చదివి ఏడవాల్సింది పోయి, అలవాటు కొద్దీ దిద్దడానికేమైనా ఉందా అని వెతికాను. ఏమీ లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

పాఠక మహాశయులకు ఈ వ్యాసకర్త అర్హతలు మనవి చేసుకోవాలి. ఇంగ్లీషు సాహిత్యంలో బి.ఏ. ఫస్టు క్లాసు కొంచెంలో తప్పింది. కొంచెమంటే పద్దెనిమిది మార్కులు. ఆ పద్దెనిమిది మార్కుల కసి తీర్చుకోవడానికి దేవుడు నాకు బెజవాడలో, కాలువల ఆఫీసులో, ఒక టైపు మిషను ఇచ్చాడు. నేను టైపు కొడితే "ఎట్ ది ఎర్లియెస్ట్", "డూ ది నీడ్‌ఫుల్", "సూటబుల్ యాక్షన్" గుర్రపు బండి గజ్జెల్లాగా మోగేవి.

హెడ్ గుమాస్తా గారు ఆ గజ్జెలు విప్పేసేవారు. ఆయన పద్ధతి ఒకటుండేది. కాగితం మీద ఏదైనా మాట అనుమానంగా కనిపిస్తే దాని మీద బొటనవేలు పెట్టి మూసేవారు. "ఇప్పుడు చదువు. ఏమైనా తగ్గిందా?" అనేవారు. తగ్గకపోతే కొట్టేసేవారు. తగ్గితే, "అయితే ఈ వేలు కింద ఎవరున్నారు, ఏం చెయ్యాలి, ఎన్నింటికి చెయ్యాలి? అది రాయి" అనేవారు. పొడుం పీల్చే వేలది. నా ఇంగ్లీషు ప్రతుల మీద ఇప్పటికీ ఆ గోధుమరంగు ముద్రలున్నాయి.

అంతటితో వదిలేవారా? లేదు. కాలువ మీద లాకు నుంచి టపా తెచ్చే లస్కరు ఒకడున్నాడు. తలుపులెత్తడం, దించడం, గట్ల మీద కాపలా తిరగడం అతని పని. అతన్ని స్టూలు మీద కూచోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మేం రాసిన ఉత్తరాన్ని తెలుగులో చదివి వినిపించేవారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు ఆయనది, గోడల దాకా వినపడేది.

"విన్నావా? ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు."

"ఏం చెయ్యనండీ, తవరేదో చదూతన్నారు, నేను మజ్జిగ తాగుతన్నాను."

"ఫెయిలు," అని కాగితం నా బల్ల మీద పడేసేవారు.

నేనా స్టూలుకి సుప్రీంకోర్టని పేరు పెట్టాను. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను కూడా. "అర్థమైందా అని అడిగితే సరిపోదా సార్? పాపం, అతనికి పరీక్షలెందుకు?"

"అర్థమైందా అంటే ప్రపంచంలో ఎవడైనా అయిందంటాడు అబ్బాయ్. నువ్వు పెళ్లిచూపుల్లో కూడా అయిందనే అంటావు. ఏం చేస్తావో చెప్పమను. అప్పుడు తెలుస్తుంది."

గోడ మీద "మాటలు తక్కువ, పని ఎక్కువ" అని బోర్డు కొట్టిన ఎమర్జెన్సీ రోజులవి. ఆ బోర్డు కేసి చూసి, "ఎవరు, ఏ పని, ఎప్పటికి? ఇదీ ఫెయిలే," అన్నారొకసారి, మెల్లిగా. ఆయన గొంతు తగ్గించగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇక నా ఘనకార్యం. ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేస్తారు. ఎండిన కాలువలోకి దిగి మేస్త్రీలు, కూలీలు తూములు బాగుచేస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లొదులుతారు. ఆ ఏడాది నీళ్లొదిలే రోజున హెడ్ గుమాస్తా గారు పన్ను పీకించుకోవడానికి పూట సెలవు పెట్టారు. దొర లేని రాజ్యం నాది. పదింటికి ఆనకట్ట తలుపులెత్తుతున్నారని కబురు రాగానే, ఉయ్యూరు వైపు కాలువకి ఒక దివ్యమైన ఇంగ్లీషు ఉత్తర్వు తయారుచేశాను. దాన్నే తెలుగులోకి దించి లాకు ఇంటికి ఫోన్లో చదివాను. "నీరు త్వరలో వచ్చును. జరుగుచున్న మరమ్మతులు సాధ్యమైనంత త్వరగా పూర్తిచేసి తగు చర్య తీసుకొనవలెను." అవతల లస్కరు "చిత్తం" అన్నాడు. సుప్రీంకోర్టు లేకుండానే కేసు గెలిచానని కాఫీకి వెళ్లాను.

పన్నెండున్నర దాటాక ఆయన వచ్చారు. ఒక బుగ్గ వాచి ఉంది. నా కాగితం చదివారు. వేలు పెట్టి ఒక్కొక్క మాటే మూసుకుంటూ వెళ్లారు. చివరికి కాగితం మీద "నీరు" ఒక్కటే మిగిలింది. ఫోనెత్తారు.

"ఏవయ్యా, పొద్దున మావాడు చెప్పింది విన్నావుగా. ఏం చేశావో చెప్పు."

లస్కరు గొంతు నాక్కూడా వినపడుతోంది. "తొందరగా కానిమ్మన్నారు గదండీ. తూము కాడికెళ్లి మేస్త్రీలకి చెప్పానండీ. గట్టు మీద వంట చేసే ఆడాళ్లని గూడా లోపలికి దించారండీ, సున్నం అందియ్యడానికి. నీళ్లొచ్చే లోపల అయిపోవాలని మా జోరుగా చేత్తన్నారండీ."

నేను పంపిన మాట వాళ్లని గట్టెక్కించలేదు. గట్టు మీదున్నవాళ్లని కూడా కాలువలోకి దించింది.

ఆనకట్ట తలుపులు మళ్లీ దించమన్నా, బయల్దేరిన నీళ్లు వెనక్కి రావు. ఆ తూము దగ్గరికి రెండింటికల్లా చేరతాయి. లాకు నుంచి తూముకి రెండు మైళ్లు. ఇవన్నీ ఆయనకి నోటికొచ్చు.

"ఎంతమంది లోపలున్నారు?"

"పదిహేనుమందండీ. పొద్దున మా ఇంటికాడే మంచినీళ్లు తాగారు."

"ఇప్పుడు ఫోను పెట్టెయ్యి. సైకిలెక్కు. పని ఆపించు. పారలు, తట్టలు వదిలెయ్యమను. అందరినీ గట్టు మీదికెక్కించి లెక్కపెట్టు. పదిహేను అయ్యాకే నాకు ఫోను చెయ్యి. ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు."

అతను వరసగా అప్పజెప్పాడు. తట్టలు మర్చిపోతే ఆయన మళ్లీ చెప్పించారు. ఆ మర్చిపోయిన తట్ట కోసం పోయిన అరనిమిషానికి నా ప్రాణం విలవిల్లాడింది.

తర్వాత ఇద్దరం ఫోను ఎదురుగా కూచున్నాం. నేను జోకులు వేసే మనిషిని. ఆ గంటన్నరలో ఒక్కటీ దొరకలేదు. "మరీ ఉప్పెనేం కాదు గదా సార్, మోకాలి లోతేగా ముందు?" అన్నాను. ఆయన వాచిన బుగ్గ పట్టుకుని, "తూములో బోర్లా పడుకుని సున్నం గిలాబు చేసేవాడికి మోకాలి లోతు ఎక్కువే," అన్నారు. ఒకటిన్నరకి ఫోను మోగలేదు. ఒకటీ ముప్పావుకీ మోగలేదు. రెండయింది. ఆయన పొడుం డబ్బీ తీశారు, మూత తెరవకుండానే జేబులో పెట్టేశారు. నేను గోడ మీది బోర్డులో అక్షరాలు లెక్కపెట్టాను.

రెండుంపావుకి మోగింది.

"పదిహేనుమందీ గట్టు మీదున్నారండీ!" లస్కరు రొప్పుతున్నాడు. "పద్నాలుగే తేలారండీ ముందు. తవరు పదిహేనన్నారని మళ్లీ దిగాను. పెద్దమేస్త్రి తూము లోపలే ఉన్నాడండీ. చెవుడు గదా, కేకలేత్తే వినపళ్లేదు. నేను దూరి కాళ్లట్టుకు లాగానండీ. లాగేటప్పటికి గెడ్డం తడిసింది."

హెడ్ గుమాస్తా గారు ఫోను పెట్టేసి, బల్ల మీద తల ఆనించారు. ప్రార్థనో, పన్ను నొప్పో నాకు తెలియలేదు. తర్వాత ఆఫీసరు గారు ఆ ఉత్తర్వు ఎవరు రాశారని గద్దిస్తే, "మా సెక్షను రాసిందండీ. ఇకమీదట అలా రాయదు," అన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. సాయంత్రం లేచి గొడుగు తీసుకుంటూ మాత్రం, "రేపు పొద్దున ఏడింటి బస్సెక్కు. ఆ పదిహేనుమందినీ చూసి రా," అన్నారు.

వెళ్లాను. కాలువ నిండుగా పారుతోంది. పెద్దమేస్త్రి గట్టు మీద కూచుని, తడిసిన చుట్ట ఎండబెట్టుకుంటున్నాడు. "ఆ కాగితం రాసింది నేనే," అన్నాను. ఆయనకి వినపడలేదు. నవ్వి, పక్కన కూచోమని చోటు చూపించాడు. రెండోసారి గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ పైన నేను రాసిన ప్రతి కాగితాన్నీ నేనే స్టూలు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రిటైరయ్యాక కూడా. నిన్న, అందరూ గన్నవరానికి మూడింటి బస్సెక్కాలని ఆఫీసు తరఫున నోటీసు కూడా నేనే రాసి, లస్కరుకి చదివి వినిపించాను. ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పమన్నాను.

"మూడింటి బస్సు చాలదండీ. పన్నెండింటి బస్సెక్కుతాను. దారిలో పెద్దమేస్త్రిని ఎక్కించుకోవాలి," అన్నాడు. నాకూ అదే బస్సు మంచిదనిపించింది.

మేం వెళ్లేసరికి సమాధి గుంటలో ఇటుక కట్టడం అయిపోయింది, ఒక మూల గిలాబు మిగిలింది. కట్టినవాళ్లు కుర్రాళ్లు. పెద్దమేస్త్రికి వాళ్ల పని నచ్చలేదు. తాపీ లాక్కుని, గుంట అంచున బోర్లా పడుకుని, నడుం దాకా లోపలికి వంగి, నున్నగా మెత్తడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే లస్కరు వెళ్లి ఆయన వెనకాల మోకాళ్ల మీద కూచుని, ఒక కాలు గట్టిగా పట్టుకున్నాడు.

రెండో కాలు నేను పట్టుకున్నాను.