పచ్చి కట్టె మీద బొట్టు: నిజ్వా శుక్రవారం సంతలో ఒక రోజు

మస్కట్‌లో ఉండే మనవాళ్లు నిజ్వా వెళ్లేది కోట చూడ్డానికి. నేను వెళ్లింది ఒక తుపాకీ కట్టె మీద పెట్టిన బొట్టుకు జవాబు చెప్పుకోవడానికి. వెళ్లిన దారి, సంత, టాక్సీల సంగతి మీకు పనికొస్తాయని రాస్తున్నాను. మిగతాది ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు చెప్పిన మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను.

మాది జగిత్యాల వైపు ఊరు. వడ్ల పని, అంటే వడ్రంగం, చేసేవాళ్లం. ఆరేళ్లుగా మస్కట్‌లోని వాడి కబీర్ పేటలో ఒక కార్పెంటరీ వర్క్‌షాపులో చేస్తున్నాను. ఎండాకాలంలో నాసర్ బాబా అనే పెద్దాయన అల్ హమ్రా దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. మణికట్టు దగ్గర, అంటే పిడికిట్లో పట్టుకునే సన్నటి చోట, పగిలిన పాత తుపాకీ కట్టె ఒకటి, కొత్త దుంగ ఒకటి తెచ్చాడు. ఇనుము, అంటే గొట్టం, మీట ఉండే భాగం, ఇంట్లోనే ఉంది, దానికి పర్మిట్ తన పేరు మీద ఉంది, కట్టె మాత్రం అచ్చు దింపమన్నాడు. ఆ దుంగ ఆయన తోటలోని సిదర్ చెట్టుది. సిదర్ అంటే మన రేగు జాతే. వరదకు పడిపోతే నాలుగేళ్లు నీడన ఆరబెట్టాడట. రెండో దుంగ లేదు.

ఆయన తుపాకీ పాత రష్యన్ సెమీ ఆటోమేటిక్. మీట ఒకసారి నొక్కితే ఒకే గుండు పోతుంది, తర్వాతి గుండు దానంతట అదే లోపలికి వచ్చి కూర్చుంటుంది. పాత బోల్టు తుపాకీలో అయితే ప్రతి గుండుకూ పిడి లాగి తొయ్యాలి. బాబాకు కుడిచేతి బొటనవేలు లేదు, తోటలో మోటారు బెల్టులో పోయింది. పిడి లాగలేడు. అందుకే ఆయనకు ఇదే కావాలి. పట్టుకునే చోట మామూలు కంటే లావుగా, ఆ చేతికి తగ్గట్టు చెక్కాను. నూనె పట్టించడం ఒక్కటే మిగిలింది. అప్పుడు దసరా వచ్చింది.

దసరాకు ఇక్కడ సెలవు లేదు. డ్యూటీ అయ్యాక రంపం, రందా, ఉలి, డ్రిల్లు మిషన్ అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టాను. బల్ల మీద ఉన్నదేదీ వదలకూడదని మా నాయిన అలవాటు. బల్ల మీద బాబా కట్టె ఉంది. దానికీ పెట్టాను. నూనె తాగని పచ్చి కట్టె అది, తడి పసుపును పొద్దుటికల్లా లోపలికి లాగేసుకుంది. సరిగ్గా చెంప ఆనే చోట రెండు వేళ్ల వెడల్పు మరక.

మా ఫోర్‌మన్ సాల్మన్ గారిది నర్సాపురం వైపు. చూసి తల పట్టుకున్నారు.

"నీ బొట్లు పాడుగానూ. ముసలాయన తుపాకీకి పూజ చేశావంటే ఊరుకుంటాడ్రా? పాలిష్ పడిందని చెప్పెయ్. లేదంటే గీకి పారెయ్."

"గీకితే చెంప కాడ పల్లం పడ్తది సారూ. తుపాకి భుజానికి సరిగ కూసోదు."

"కూచోకపోతే పోనీ. నీ వీసా కాయితాలు ముదీర్ బల్ల మీదున్నాయి. ఒక్క కంప్లైంటొచ్చిందా, సంతకం పెట్టడు. అప్పుడు ఆ చెంప విమానం కిటికీకి ఆనించుకుని పో ఊరికి."

ముదీర్ అంటే మా వర్క్‌షాపు నడిపే మేనేజరు. సాల్మన్ గారు చెప్పింది నిజమే. అయినా పాలిష్ అంటే అబద్ధం, గీకితే పని చెడగొట్టడం. నాకు రెండూ నచ్చలేదు. బాబాకు ఫోన్ చేసి కట్టె మీద మరక పడింది, చూపిస్తానన్నాను. శుక్రవారం నిజ్వా సంతకు వస్తాను, అక్కడికి తెమ్మన్నాడు.

మస్కట్ నుంచి ప్రభుత్వ బస్సు ఉంది కాని దాన్ని నమ్ముకుంటే సంత అయిపోతుంది. తెల్లవారుజామున ఐదుకు గదిలోంచి బయటపడి, రువి మీదుగా బుర్జ్ సహ్వా రౌండబౌట్ చేరాను. నలుగురు ఎక్కగానే కదిలే టాక్సీలు అక్కడ ఆగుతాయి. నిజ్వాకు మనిషికి రెండున్నర రియాళ్లు అడిగాడు, ఇచ్చాను. గంటన్నర దారి. సమాయిల్ దాటాక రెండు పక్కలా చెట్టు లేని కొండలు, మధ్యలో నున్నటి రోడ్డు. నిద్రపోకుండా ఎడమ పక్క కూర్చుంటే కొండల మీద ఎండ దిగడం కనిపిస్తుంది.

తువ్వాలులో చుట్టిన కట్టె నా ఒళ్లో ఉంది. డ్రైవరు ఒమానీ, నడివయసు మనిషి. మనవాళ్లతో తిరిగి తిరిగి హిందీ బాగా పట్టాడు. అద్దంలోంచి రెండుసార్లు చూసి అడిగాడు.

"అది బందూకా?"

"కట్టె మాత్రమే. ఇనుము వాళ్లింట్లో ఉంది."

"సరే, నువ్వు సగం దొంగవన్నమాట." వెనకాల ఇద్దరూ నవ్వారు. "నేను కొంటే నల్లదే కొంటాను, ప్లాస్టిక్‌ది. తేలిక, వానకు ఉబ్బదు. కాని మా ఆవిడ వద్దంటుంది. గవర్నమెంట్ లైసెన్సు దొరుకుతుందేమో, ఆవిడ లైసెన్సు దొరకదు."

ఏడున్నరకు నిజ్వాలో దిగాను. మేకల సంత కోట పక్కనే. మధ్యలో గుండ్రటి అరుగు, దాని చుట్టూ సన్నటి బాట. అమ్మేవాళ్లు మేకలను పట్టుకుని ఆ బాటలో తిరుగుతూ ధర అరుస్తుంటారు, కొనేవాళ్లు రెండు వైపులా నిలబడి చెయ్యి ఎత్తి ఆపుతారు. తొమ్మిదికల్లా అంతా పలచబడుతుంది. పక్కన గోడ వారగా కత్తులు, పాత తుపాకులు అమ్మేవాళ్లు ఉంటారు. తెల్లటి దుస్తుల్లో, భుజాన తుపాకీ తగిలించుకుని, చేతిలో టీ కప్పుతో పెద్దమనుషులు తీరిగ్గా తిరుగుతుంటారు. ఎవరూ వాళ్లకేసి చూడరు.

నేను చూశాను. మా ఊళ్లో నా చిన్నప్పుడు తుపాకీలు రెండే రకాలు, పోలీసులవి, దళం వాళ్లవి. రెండు వైపుల వాళ్లూ విరిగిన తుపాకీ కట్టెలు పట్టుకుని మా నాయిన దగ్గరికే వచ్చారు. ఎవరినీ కాదనలేక చేసిచ్చాడు, ఆ తర్వాత రెండు వైపుల వాళ్లూ ఆయన్ను కొట్టారు. ఏ తుపాకీ బాగుంటుందని మనుషులు చీరల గురించి మాట్లాడినట్టు మాట్లాడుకోవడం నేను నిజ్వాలోనే మొదటిసారి విన్నాను.

నాసర్ బాబా గోడ దగ్గర తన ఈడు వాళ్ల మధ్య ఉన్నాడు. పక్కన ఆయన అన్న కొడుకు బదర్, పాతికేళ్లవాడు, నల్ల కళ్లజోడు. అక్కడ అందరిదీ హిందీ, అరబీ కలిపిన సంత భాష, ఆరేళ్లలో అది నాకు బాగానే పట్టుబడింది. నా చంకలో తువ్వాలు మూట చూసి ఒక ముసలాయన బాబాను ఆటపట్టించాడు. ఆ ముసలాయన భుజాన బ్రిటిష్ వాళ్ల కాలపు బోల్టు తుపాకీ ఉంది.

"ఇతని తుపాకీ అంతా అదే చేసుకుంటుంది. ఇక ఇతను పక్కన కూర్చుని ఖర్జూరాలు తింటాడు."

"నువ్వు పిడి లాగేలోపు నువ్వు గురిపెట్టిన మేక అమ్ముడుపోతుంది" అన్నాడు బాబా. "నాకు తొమ్మిది వేళ్లు. పదోది మీ ఇంట్లో ఉంటే పంపు, బోల్టుది కొంటాను."

తువ్వాలు అక్కడ విప్పవద్దన్నాడు. ఇంటికి పోయి ఇనుముకు తగిలించి చూద్దామన్నాడు. బదర్ కారులో అల్ హమ్రా వైపు నలభై నిమిషాలు. సొంత బండి లేకపోతే నిజ్వా నుంచి అటు టాక్సీలు తక్కువ, పోను రాను ముందే మాట్లాడుకోవాలి. పల్లె కొండ అంచున ఉంది. ఖర్జూరపు తోట మధ్యలోంచి ఫలజ్ కాలువ పోతుంది, జానెడు లోతు, చల్లటి నీళ్లు. అతిథుల గదిలో చెప్పులు విప్పి కూర్చున్నాక ఖర్జూరాలు, కహ్వా అనే వాళ్ల కాఫీ ఇచ్చారు. చాలు అనుకుంటే ఖాళీ కప్పును చేతిలో అటూ ఇటూ ఆడించాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. తెలియక నేను ఐదు తాగాను.

తువ్వాలు విప్పాను. బాబా ముందు పట్టు చూసుకున్నాడు. బొటనవేలు లేని చేయి కట్టెను పూర్తిగా చుట్టింది. తల ఊపాడు. బదర్ ముందు చూసింది మరకనే.

"ఏమిటిది? ఎరుపు, పసుపు?"

"పసుపు కుంకుమ. నేనే పెట్టాను." దసరా సంగతి చెప్పాను. ఏడాదికొకసారి పనిముట్లకు పని చెప్పం, కడిగి బొట్టు పెడతాం, బల్ల మీద ఏది ఉంటే దానికి పెడతాం అన్నాను.

"మా తుపాకీకి నువ్వు పూజ చేశావు." బదర్ గొంతు పెరిగింది. "తప్పు చేశానని చెప్పు. లేకపోతే ఇప్పుడే మీ ముదీర్‌కు ఫోన్ చేస్తాను."

నాకు వీసా కాయితాలు గుర్తొచ్చాయి. అయినా నోటికి వచ్చింది వేరే.

"మరకకు మాఫీ అడుగుతాను. ఒకరి కట్టె పాడుచేశాను, అది తప్పే. బొట్టుకు అడగను. నా బల్ల మీద నా పండుగ చేసుకున్నాను."

బదర్ ఫోన్ తీశాడు. బాబా చెయ్యి అడ్డం పెట్టాడు.

"షారీ," అన్నాడు. నా పేరు చారి, వాళ్ల నోట్లో 'చ' పలకదు. "మరక పోతుందా?"

"కొంత పోతుంది."

"తీసెయ్. నీకు పెట్టడం ఇష్టం. నాకు ఉంచుకోవడం ఇష్టం లేదు. అంతే."

రంపపు రేకు, గరుకు కాగితం, అవిసె నూనె వెంట తెచ్చుకున్నాను. వాకిట్లో కూర్చుని గంటసేపు పైపైన గీశాను. కుంకుమ పోయింది. పసుపు నరాల్లోకి దిగిపోయింది, నీడలాగా మిగిలింది. బదర్ నా పక్కనే నిలబడి ఫోన్లో నల్ల తుపాకీ బొమ్మలు బాబాకు చూపిస్తూనే ఉన్నాడు.

"చిన్నాన్నా, ఇది చూడు. వడ్రంగి అక్కర్లేదు, పగలదు, మరక పడదు. పైన దుర్బిణి బిగించుకోవచ్చు. ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారు."

"అందరూ అడిగేది నేనెందుకు కొనాలి? చలికాలం పొద్దున్నే దాన్ని చెంపకు ఆనిస్తే చచ్చిన చేపను ఆనించినట్టు ఉంటుంది. పండుగ పోటీల్లో నేను గురి కొట్టేది దీనితోనే, దుర్బిణి లేకుండానే. నీది నువ్వు కొనుక్కో, పర్మిట్ ఇస్తే."

"ఇంకా గీయి," అన్నాడు బదర్ నాతో. "ఇంకా కనిపిస్తోంది."

నేను రేకు కింద పెట్టాను. "ఇంకా గీస్తే చెంప ఆనదు. గీయను."

"కట్టె నీది కాదు."

"కట్టె మీది. చేసిన చెయ్యి నాది. నా చేతితో పాడుచెయ్యను. ఫోన్ చేసుకోండి. ఇంకో మాట, నూనె పెడితే ఈ పసుపు ఇంకొంచెం ముదురుతుంది. ముందే చెప్తున్నాను."

అంత మాట ఎందుకన్నానా అని తర్వాత అనుకున్నాను. అప్పుడు అనుకోలేదు.

బాబా లోపలికి వెళ్లి ఇనుము తెచ్చాడు. గుండ్లు లేవని బదర్‌కు ఒకసారి, నాకు ఒకసారి తెరిచి చూపించాడు. కట్టెకు బిగించాడు. లేచి గోడ వైపు తిరిగి, భుజానికి ఎత్తి, చెంప ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మరక ఆయన గడ్డం కిందికి పోయి కనిపించలేదు. దించి, మళ్లీ ఎత్తాడు. మూడుసార్లు.

"కూర్చుంది," అన్నాడు. "నూనె పెట్టు."

తర్వాత బదర్ చేతిలోని ఫోన్ తీసుకుని మా ముదీర్‌కు తనే కలిపాడు. అచ్చమైన అరబీలో గబగబా మాట్లాడాడు. నాకు అర్థమైంది మూడు ముక్కలు: కట్టె మంచిది, మరక ఉంది, నేను చూశాను. ఏం మరకో చెప్పలేదు. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు.

"వచ్చే ఏడు నా సామాను ఏదైనా నీ దగ్గరుంటే, ముందు బల్ల మీది నుంచి తీసి పక్కన పెట్టు. తర్వాత నీ పండుగ చేసుకో."

అది న్యాయమైన మాట. ఒప్పుకున్నాను.

నూనె మొదటి పూత నేనే పెట్టి, మిగతా రెండు ఎలా పెట్టాలో, మధ్యలో ఎన్ని రోజులు ఆరనివ్వాలో చూపించి, ప్రార్థన, భోజనం అయ్యాక మూడింటికి బయలుదేరాను. నిజ్వా దాకా బదరే దింపాడు. సగం దారిలో అడిగాడు.

"నువ్వయితే ఏది కొంటావు? కట్టెదా, నల్లదా?"

"ఏదీ కొనను."

"భయమా?"

"మా ఊళ్లో అది ఉన్న ఇంటికి ఎవరూ చాయ్ తాగడానికి రారు."

"ఇక్కడ అది లేని ఇంటికి పిల్లనివ్వడానికి ఆలోచించేవాళ్లు, మా తాత కాలంలో," అన్నాడు. నవ్వలేదు. టాక్సీల దగ్గర దింపి, చెయ్యి కలపకుండానే వెళ్లిపోయాడు. అతని మనసు మారిందని నేను అనుకోవడం లేదు. మారాలని నేను వెళ్లలేదు కూడా.

ఆదివారం ముదీర్ నా కాయితాల మీద సంతకం పెట్టాడు, తల ఎత్తకుండా. సాల్మన్ గారు, "పాలిష్ అని ఒక్క ముక్క చెప్పుంటే శుక్రవారం పడుకునేవాడివి కదరా" అన్నారు. పడుకునేవాణ్నే. తుపాకీల గురించి నా అభిప్రాయం ఆ రోజుతో మారలేదు, నాకు అవి వద్దు. కాని బొటనవేలు లేని మనిషి తనకు ఏది కావాలో, ఎందుకు కావాలో ఊరంతా ఎగతాళి చేసినా ఒక్క అంగుళం జరగకుండా చెప్పడం చూశాను. అలాంటి మొండితనం ఆయనకు నాలోనూ కనిపించి ఉండవచ్చు, లేదా చెంపకు కట్టె సరిగ్గా ఆనినందుకే ఫోన్ చేసి ఉండవచ్చు. రెండోదే నిజమైతే నాకు ఇంకా ఇష్టం.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. సంతలో ఎవరైనా ప్రేమగా తుపాకీ చేతికిచ్చి ఫోటో దిగమంటారు. పట్టుకోకండి. పర్మిట్ తుపాకీ ఇచ్చినాయన పేరు మీద ఉంటుంది, ఫోటోలో చేతులు మాత్రం మీవి ఉంటాయి.