కుందేలు గడప

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మేము అక్కడ కాపురముండేవాళ్లం. మా అమ్మాయి పెంచే కుందేలుకు ఖాళీ కిరసనాయిలు చెక్కపెట్టె ఇల్లుగా ఉండేది. ఒకనాడు దాని బొచ్చు దువ్వుదామని దువ్వెనతో నేరుగా పెట్టెలోకి చెయ్యి పెట్టాను.

“దాన్ని బయటికి రానీమ్మా. అది దాని ఇల్లు గదా!” అన్నారు, రాయచోటి నుంచి వచ్చిన మా అత్తగారు.

“బి.ఏ. చదివినదాన్ని, కుందేలునడిగి లోపలికి పోవాల్నా?” అన్నాను.

అనడమే ఆలస్యం, అది గుర్రుమని నా వేలు కొరికింది. నా కేకకు ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు.

అత్తగారు గాయానికి పసుపు అద్దుతూ, “నిన్న నీ వంటింట్లో తిరగవాత డబ్బా జరిపినందుకు నువ్వు నన్ను ఇంతకన్నా శానా గట్టిగా కరిచినావు గదమ్మా!” అన్నారు. అందరూ పక్కున నవ్వారు.

మర్నాటి నుంచి కొత్తిమీర చూపించి కుందేలును బయటికే పిలిచి దువ్వాను. అత్తగారు కూడా నాతో పనిపడితే వంటింటి గడప అవతలే నిలబడి కొత్తిమీర కట్ట ఊపేవారు. నేనూ బుద్ధిగా బయటికి వచ్చేదాన్ని.