మా అవ్వ మైనం పళ్ళు

కదిరిలో మా చిన్నాయన కూతురి పెళ్ళి. భోజనాల బంతిలో ఆ చివర కూర్చున్న మా అవ్వ నన్ను చూసి నవ్వింది. తెల్లగా, వరుసగా, నోటినిండా పళ్ళు కనబడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మురిసిపోయారు. నేను మాత్రం వడ్డించడం ఆపేశాను, ఎందుకంటే మా అవ్వకు పళ్ళు లేవు.

ఆ రోజుల్లో నాకు ఉన్న భయం ఒక్కటే. ఇప్పుడైతే ఇద్దరు పిల్లల తల్లిని, పిల్లలకు జ్వరం వస్తే భయం, చాన్నాళ్ళు రాకపోతే లోపల అణిగి ఉందేమోనని భయం. అప్పుడు మాత్రం మా సారు అంటేనే భయం. అనంతపురంలో ఆయన డెంటల్ ల్యాబ్‌లో పని నేర్చుకుంటూ ఉండేదాన్ని. బీఎస్సీ అయిపోయి, కట్టుడు పళ్ళు చేసే పని నేర్చుకుంటానన్నప్పుడు నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంత చదువు చదివి ఊర్లో వాళ్ళ నోళ్ళల్లో పండ్లు చెక్కుతావామ్మే?" అన్నాడు. "చెక్కేది కాదు నాయనా, పేర్చేది" అన్నాను. "ఇటికెలు పేర్చినట్లనా? సరే పో" అని బస్సెక్కించాడు. సారుకు మేం పెట్టుకున్న పేరు కత్తి సారు (ఆయన లేనప్పుడే అనేవాళ్ళం). మైనం చెక్కే చిన్న కత్తి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో నిలబడి ఉండేది. మనుషుల ముఖాలు చూసేవాడు కాదు, నోళ్ళు చూసేవాడు. పరిచయమైనవాళ్ళ పేర్లు ఆ సాయంత్రానికే మర్చిపోయి, "అదే అమ్మా, పైన కోరపన్ను కొంచెం తిరిగి ఉండే ఆయన" అని ఏడాది తర్వాత కూడా గుర్తుపట్టేవాడు.

ఆ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉండేది. నేర్చుకునేవాళ్ళు మొట్టమొదటి పూర్తి సెట్టు సొంత ఇంట్లోవాళ్ళకే చేయాలి. "బయటోళ్ళు మొగమాటానికి బాగుండాదంటారు. ఇంట్లోవాళ్ళయితే మొగం మీదే తిడతారు. తిట్లు తినకుండా ఈ పని రాదు" అనేవాడు సారు. ఆ సెట్టు కుదిరితే ల్యాబ్‌లోనే ఉద్యోగం. కుదరకపోతే పెట్టె సర్దుకుని నాయన దగ్గరికి పోవడమే. మా ఇంట్లో పళ్ళు లేని మనిషి నల్లమాడ దగ్గర మా ఊర్లో ఉండే అవ్వ ఒక్కతే. ఆమెకు తినడానికి పళ్ళు అక్కర్లేదు. "సంగటి మింగేదే గానీ నమిలేది కాదు గదా" అనేది. పెళ్ళి ఫోటోలో పళ్ళతో పడాలని మాత్రం మహా కోరిక. నాకు ఉద్యోగం కావాలి, ఆమెకు ఫోటో కావాలి. ఇద్దరం ఒప్పందానికి వచ్చాం.

అయితే పళ్ళ సెట్టు ఒక్కసారిగా తయారవదు. ముందు ఒక గట్టి పలక మీద గులాబీ రంగు మైనం పెట్టి, అందులో ఒక్కొక్క పన్నే పేర్చి, నోట్లో పెట్టి చూస్తారు. కుదిరిందనుకుంటే ల్యాబ్‌కు తెచ్చి, ఆ మైనాన్ని మరిగే నీళ్ళతో కరిగించేసి దాని స్థానంలో గట్టి ప్లాస్టిక్ నింపుతారు. కాబట్టి మైనం పళ్ళు కాసేపు పెట్టి చూడటానికే గానీ వాడటానికి కాదు. మా సీమ ఎండల్లో అయితే చూడటానికి కూడా కష్టమే (ఒకసారి గోరంట్లకు బస్సులో పంపిన సెట్టు చేరేసరికి, పళ్ళన్నీ డబ్బాలో ఒక మూలకు చేరి ముచ్చట్లు పెట్టుకుంటున్నాయట). పెళ్ళికి ముందురోజు కదిరిలో ఒక డాక్టరమ్మ దగ్గర అవ్వ నోట్లో నా మైనం సెట్టు పెట్టి చూశాం. చక్కగా కూర్చుంది. అవ్వ అద్దంలో చూసుకుని, "ఎవురుమే ఈయమ్మ?" అని సిగ్గుపడింది. తీయమంటే మాత్రం పెదాలు బిగించింది. "ఇంకా గట్టిపడలేదవ్వా, పెళ్ళికి అందవు" అని డాక్టరమ్మ, నేను బతిమాలి, ఎలాగో తీయించాం. అనంతపురం తీసుకుపోయేదాకా కరగకుండా ఉండాలని స్టీలు డబ్బాలో పెట్టి, కళ్యాణమండపం ఫ్రిజ్‌లో పెళ్ళికూతురి పూలదండల పక్కన దాచాను. అవ్వ పక్కనే నిలబడి, "బద్రంగా పెట్టు మే" అని నాకే జాగ్రత్త చెప్పింది.

ఇప్పుడు మళ్ళీ బంతి దగ్గరికి వద్దాం. అవ్వ ఆకులో అప్పుడే పొగలు కక్కే రాగిసంగటి ముద్ద వేశారు. అది చాలదన్నట్టు, నాయన గౌరవంగా పిలిచినందుకు పెళ్ళికి వచ్చిన కత్తి సారు సరిగ్గా అవ్వకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. వడ్డిస్తున్న మజ్జిగ జగ్గు పట్టుకుని అలాగే పరుగెత్తి, అవ్వ చెవి దగ్గర వంగాను.

"అవ్వా, నోట్లోవి తీయ్."

"ఎందుకు తీయల్ల? ఫోటో ఆయప్ప ఇంగా ఈ పక్కకు రానేలేదు."

"అవి మైనంవి. సంగటికి కరిగిపోతాయి."

"నమిలితే గదా కరిగేది? మింగుతా. పుట్నప్పట్నించీ మింగుతాండా, ఇప్పుడు నువ్వు నేర్పిస్తావా?" అని ఇంత ముద్ద తీసి పులుసులో అద్ది నోట్లో వేసుకుంది.

ల్యాబ్‌లో మేం మరిగే నీళ్ళతో చేసే పని మా అవ్వ నోట్లోనే మొదలైపోయింది. నాకు ఇంకేమీ తోచక, చల్లారుతుందని మజ్జిగ గ్లాసు ఆమె నోటి దగ్గర పెట్టి "తాగవ్వా, ఇంకొంచెం తాగు" అని పోస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ఒకామె కళ్ళు తుడుచుకుని, "ఈ కాలంలో ఇట్లాంటి మనుమరాండ్లు యాడుండారమ్మా" అంది.

అప్పుడే ఎదురుగా సారు చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. "ఆ పెద్దమ్మకు నేను కూర్చున్నప్పుడు ముందరి పండ్లు సమంగా ఉండె" అని పక్కాయనతో అన్నాడు. "ఇప్పుడు ఎడం ఎడం అయిపోయినాయి చూడన్నా." పక్కాయన పాపం పప్పు కలుపుకుంటున్నాడు. "నాకేం కనపడలేదప్పా" అన్నాడు. తనను ఎవరో పెద్దమనిషి అదే పనిగా చూస్తున్నాడని గమనించిన అవ్వ మర్యాదగా ఆయన వైపు తిరిగి ఇంకోసారి నవ్వింది. ముందు పన్ను ఒకటి సారుకు నమస్కారం పెట్టినట్టు మెల్లగా కిందికి వంగింది.

సారు ఆకు ముందు నుంచి లేచి వచ్చాడు. "ఇది మైనం సెట్టు. ఎవురిచ్చినారు ఈమెకు?" అన్నాడు నన్ను చూసి. (ఆయన నా ముఖం చూడటం బహుశా అదే మొదటిసారి.) నా ఉద్యోగం, అద్దెగది, నేను ముచ్చటపడి కొనుక్కున్న మైనం కత్తి, అన్నీ ఆ సంగటి ముద్ద వెంబడి అవ్వ గొంతులోకి దిగిపోతున్నట్టు అనిపించింది. నా నోట మాట రాలేదు.

అవ్వకు వచ్చింది. "ఎవురిస్తారప్పా? నేనే ఎత్తుకున్యా. పూలదండల పక్కన పెట్టింటే ఎత్తుకున్యా. ఆ పాపకేం తెలుసు?" అంటూ నోట్లో చెయ్యి పెట్టి, పైదీ కిందిదీ తీసి, ఏ సంకోచమూ లేకుండా సారు ఎడమ చేతిలో పెట్టింది. పళ్ళు లేని నోటితో మాట ఇంకా గట్టిగా వచ్చింది. "చూడు నాయనా. ఉత్త మైనంతో చేస్తేనే ఉడుకుడుకు సంగటికి ఇంతసేపు ఓర్చుకున్యాయి. గట్టివి చేసిస్తే నేను పొయ్యేదాకా ఉండవా? నీకు ఈ పాప పని వద్దంటే ఇప్పుడే చెప్పు. ఇంగ యాడ నేర్పిస్తారో ఆడికే పంపిస్తాం."

బంతిలో అందరూ తినడం ఆపేశారు. దూరంగా నాయన వక్కాకు తట్ట పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. సారు మాత్రం ఆ సెట్టును వెలుతురులోకి తిప్పి, పైదాన్ని కిందిదాని మీద ఆనించి, కళ్ళు చిట్లించి చూశాడు. మళ్ళీ తిప్పి చూశాడు. "ముందరివి పోయినాయి" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "దవడ పండ్లు ఒక్కటీ కదల్లేదు. పైవీ కిందివీ సరిగ్గా కలుస్తాండాయి." (ఆయన నోట అంతకు మించిన పొగడ్త నేను ఇప్పటికీ వినలేదు.) తర్వాత నా వైపు తిరిగి, "సోమవారం వచ్చి ముందరివి మళ్ళా పేర్చు. ఈసారి డబ్బాకు తాళం వెయ్యి" అన్నాడు.

సరిగ్గా అప్పుడు ఫోటో ఆయన వచ్చి "అందరూ ఇట్లా చూడండప్పా" అని అరిచాడు. సారు గబగబా ఆ పళ్ళను చేతిగుడ్డలో చుట్టి ప్యాంటు జేబులో కుక్కుకుని, అవ్వ వెనక నిలబడ్డాడు.

తర్వాత గట్టి సెట్టు కూడా చేసిచ్చాను. అవ్వ దాన్ని ఎంతో గర్వంగా పెళ్ళిళ్ళకు, బ్యాంకుకు పెట్టుకుపోయేది. అన్నం ముందుకు రాగానే మాత్రం తీసి పక్కన పెట్టేది. "తినేటప్పుడు అడ్డం మే" అనేది.

ఇదంతా గుర్తు రావడానికి కారణం మా చిన్నది. నిన్న సాయంత్రం దానికి ముందు పళ్ళు రెండూ ఒకేసారి ఊడాయి. వాటిని ఇంటి మీదికి విసిరేసినంతసేపు ఉత్సాహంగానే ఉంది. తెల్లవారితే బడిలో ఫోటో అని వాళ్ళన్న గుర్తుచేసి, "కిటికీ తెరుచుకుని పోతావా మే?" అని ఎక్కిరించగానే ఏడుపు మొదలుపెట్టింది. "నువ్వు అందరికీ పళ్ళు చేస్తావు కదమ్మా, నాకు రేపటికి రెండు చేసియ్యి. మైనంవైనా చాలు" అంది. మైనం అనే మాట వినగానే నా భయాలు మళ్ళీ మొదలయ్యాయి. పెట్టుకుని మింగితే? గొంతులో అడ్డం పడితే? అసలు రెండూ ఒకేసారి ఎందుకు ఊడాయి? పిల్లలు పడుకున్నాక కూడా అదే ఆలోచన. చివరికి లేచి బీరువాలోంచి ఆ పెళ్ళి ఆల్బం తీసి పెట్టుకున్నాను.

ఆ ఫోటోలో ఓ మూలన మజ్జిగ జగ్గు పట్టుకుని ఒక బక్కపిల్ల ఉంది, ప్రపంచం అప్పుడే మునిగిపోయినట్టు ముఖం పెట్టుకుని. ఒక్క సంగటి ముద్దకే అంత దిగులా అని నవ్వొచ్చింది. పాపం, ఆ పిల్లను పిలిచి సోమవారం నీకు పనుంది పో అని చెప్పాలనిపించింది. (నిన్న రాత్రి నన్ను ఎవరైనా ఫోటో తీసి ఉంటే ముఖం అలాగే ఉండేదేమో.)

పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఆ ఫోటో చూపించాను. "ఇందులో అందరికంటే బాగా నవ్వుతాండేది ఎవరో చెప్పండి" అన్నాను. చిన్నది తటాలున అవ్వ మీద వేలు పెట్టింది. కాసేపు చూసి, "ఈ అవ్వకు ఒక్క పన్ను కూడా లేదే! యాడికి పోయినాయి?" అంది.

"వెనకాల నిలబడినాడే, ఆ సారు జేబులో ఉండాయి" అన్నాను. "నీవి ఇంటి మీద ఉండాయి. యాడున్నా ఫరవాలేదు. పోయి అవ్వ మాదిరి నవ్విరా, పో."