పైపు లేని బిగింపు

మా మావయ్య భిలాయి స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఒక నట్టు వదులైతే మిల్లే ఆగిపోయేదట. అందుకే ఇప్పటికీ ఏది బిగించినా పానాకి మూరెడు ఇనప పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి బిగిస్తారు. ఆయన బాగుచేసిన కుళాయి తిప్పాలంటే నాకు రెండు చేతులూ కావాలి.

కూతురి కారుని ఆయన ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు. మా ఆవిడ అందులోనే పక్కనున్న భిలాయి-3లో బడికి వెళ్లి పాఠాలు చెప్పి వస్తుంది. పోయినేడు ముందు చక్రాలని పట్టి ఉంచే లోయర్ ఆర్ముల కీళ్లలోని రబ్బరు బుష్షులు ఆయనే మార్చారు. ఏడాది తిరక్కుండానే, గతుకొస్తే చాలు, మళ్లీ టకటక.

"ఈసారి గేరేజీకే నాన్నా. స్టీరింగు పట్టుకుంటే భయమేస్తంది," అందావిడ.

ఆయన పానాలు తువ్వాలుతో తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. చూడలేక, ఒక్క ఆదివారం ఆగమని ఆవిణ్ణి బతిమాలుకున్నాను.

పాత బుష్షు విప్పితే రబ్బరు ఒకే వైపు మెలితిరిగి చిరిగి ఉంది. బోల్టు మరలు సాగి ఉన్నాయి. మరల సంగతి తేలికే: పైపుతో పిడి రెండింతలైతే బిగింపూ రెండింతలు. మెలిక ఎలా వచ్చిందో కారు పుస్తకం చదివితేగాని తెలియలేదు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు వెయ్యకూడదట.

"మావయ్యా, నా మణికట్టు గట్టిగా పట్టుకోండి. వదలకండి," అని చెయ్యి తిప్పాను.

"తోలు మెలిపడిపోతంది బాబూ!"

"జాకీ మీద బిగించి కిందకి దించితే రబ్బరుకీ ఇదే గతి. కారు ఊరికే నిలబడినా మెలికలోనే ఉంటుంది."

ఆయన వదిలేసి, తిప్పి ఉన్న చేతినే మళ్లీ పట్టుకున్నారు. ఈసారి మెలిక లేదు. "అయితే దించినాకే బిగించాల."

కొత్త బుష్షులూ బోల్టులూ వేసి, చేత్తో తిరిగినంత మాత్రం బిగించాం. నాలుగు చక్రాలూ వెడల్పాటి చెక్క దిమ్మల మీదకి దించి, కదలకుండా అడ్డాలు పెట్టాం. ఎదురింటి భయ్యా దగ్గర, పెట్టిన బిగింపు రాగానే టిక్కుమనే టార్క్ రెంచి తెచ్చి, పుస్తకంలోని అంకె పెట్టాను.

"అమ్మీ, ఎక్కి కూకో. తోలేది నువ్వు గదా, నీ బరువుతోనే బిగిద్దాం," అన్నారు మావయ్య.

పుస్తకంలో ఖాళీ కారనే ఉంది. ఆవిడ బరువుకి కారు దిగేది చిటికెన వేలి మందమైనా ఉండదని లెక్కేసుకుని ఊరుకున్నాను. ఆవిడ పైపు ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చుంది.

మావయ్య చేతిలో రెంచి టిక్కుమంది.

"ఇంకొక్క పిసరు?" ఆయన చెయ్యి వెనక్కి వెతుకుతోంది.

"నాన్నా! పైపు నాకాడుంది."

"వొదులుగా ఒగ్గేసినట్టుంది బాబూ," అని గొణిగారే గాని, మిగతా బోల్టులన్నీ టిక్కు దగ్గరే ఆపారు.

ఆవిడ కారు తీసుకుని వీధి చివర స్పీడ్ బ్రేకరు దాటింది. తిరిగొచ్చి మళ్లీ దాటింది. మావయ్య గేటు పట్టుకుని, తల వంచి చెవి ఒగ్గారు.

"ఏటైనా ఇనిపించిందా నాన్నా?"

"ఏటీ నేదమ్మీ."

ఆవిడ దిగి తాళం చెవి ఆయన చేతిలో పెట్టింది. "వెనక ఎడం చక్రం కీచుమంటంది. వచ్చే ఆదివారం చూడు."

ఆయన నా వైపు తిరిగారు. "దాని బిగింపు నెంబరు ఎంతో చూసి ఉంచు బాబూ."