విలన్ గారి జేబు

ఆ వీధిలో దర్జీని ఎవరూ దర్జీ అని పిలవరు. "విలన్ గారూ, నా ప్యాంటు అయిందా?" అని అడుగుతారు. మెడలో టేపు, కాలరుకి గుచ్చిన సూది, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలతో ఆయన తలెత్తి, రేపు తప్పకుండా ఇచ్చేస్తానంటాడు. దర్జీల రేపు ఎలాంటిదో వీధికంతటికీ తెలుసు గనక ఎవరూ రేపు రారు.

ఆయన దుకాణం మెట్ల కింద. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, ఆయన పొట్ట, ఈ మూడూ పట్టాక నాలుగో వస్తువుకి చోటు లేదు. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడే కొలతలిస్తారు. గోడకి మాత్రం నిలువెత్తు అద్దం ఉంది. పైకి అది కస్టమర్ల కోసం. నిజానికి ఎవరూ లేనప్పుడు ఆయన అందులో చూసుకుంటూ కనుబొమలు ముడేసి, పళ్లు కొరికి, "నా చేతిలో నీ చావు ఖాయం" అని తన్ను తానే బెదిరించుకోవడం కోసం. అప్పుడెవరైనా వస్తే గొంతు సవరించుకుని, చేతులు పొడుగువా పొట్టివా అని అడుగుతాడు.

ఊళ్లో ఒక నాటక సమాజం ఉంది. అందరి వేషాలకీ ఆయనే బట్టలు కుడతాడు, దుర్మార్గుడి వేషం మాత్రం ఆయనే కడతాడు. ఆయనకి ఉన్న కోరిక ఒక్కటే. బతికుండగా ఒక్కసారి జనం తనని చూసి భయపడాలి, ఛీ వీడూ ఒక మనిషేనా అనుకోవాలి. బల్లి కనబడితే పక్క గదిలోకి పోయే మనిషికి ఈ సరదా ఏమిటని భార్య అడిగితే, అందుకే కదా అన్నాడు.

మొదటి నాటకంలోనే కొంప మునిగింది. కొత్త కోటు కుట్టేటప్పుడు జేబు నోరు సాగిపోకుండా దాన్ని పెద్ద పెద్ద కుట్లతో కచ్చాగా మూసేస్తారు. కోటు అప్పగించే ముందు ఆ దారం లాగేస్తారు. ఊరందరి కోట్లకీ దారం లాగేసిన మహానుభావుడు తన కోటుకి మర్చిపోయాడు. తన కోటు తనకి అప్పగించుకునే వేళంటూ ఒకటి ఉంటేగా! రంగస్థలం మీద కథానాయిక ఉంగరం లాక్కుని, వికటాట్టహాసం చేసి, జేబులో వేసుకున్నాడు. అది ఠంగుమని కిందపడింది. తీసి మళ్లీ వేసుకున్నాడు. మళ్లీ పడింది. ఈసారి కథానాయకుడే వంగి తీసి, పాపమని చేతికిచ్చాడు. జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు.

అప్పటి నుంచి ఆయన రంగం మీదికొచ్చి జేబు వైపు చెయ్యి పోనిస్తే చాలు, జేబు తెరిచే ఉన్నా సరే, నవ్వు మొదలయ్యేది. నాటకం అయ్యాక రొట్టెల దుకాణం పెద్దావిడ తప్పకుండా తెర వెనక్కొచ్చి, మా విలన్ బంగారమని బుగ్గ గిల్లి, చేతిలో తీపి రొట్టె పెట్టేది. బుగ్గ గిల్లించుకునే దుర్మార్గుడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా అని కుమిలిపోతూనే ఆయన ఆ రొట్టె తినేవాడు.

ఆ యేడు మాస్టారు కొత్త నాటకం రాశారు. ఆయన బడిలో పాఠాలు చెప్పి రిటైరై, సమాజానికి నాటకాలు రాసి ఆడించే పెద్దమనిషి. మంచాన పడ్డ గడియారాల మెకానిక్కు, ఆయన్ని కనిపెట్టుకున్న కూతురు, వాళ్ల ఇంటిని కాజేసే దుర్మార్గుడు, ఇదీ కథ. రాస్తూ తనే ఏడ్చానని మాస్టారు చెప్పారు. అలాంటి నాటకంలో ఒక్కరు నవ్వినా ఊరుకోననీ, మలి ప్రదర్శనకి వేషం లారీ డ్రైవరుకి ఇచ్చేస్తాననీ కూడా చెప్పారు. లారీ డ్రైవరు టీ అడిగితేనే గ్లాసులు కదులుతాయి, అంత గొంతు ఆయనది. అయినా దర్జీ, నవ్వితే అడగండని మాటిచ్చాడు. ఆ మాట మాస్టారికి కాదు, తనకి తనే ఇచ్చుకున్నాడు.

ప్రదర్శన సాయంత్రం జేబులో వేళ్లు పెట్టి చూసుకున్నాడు. తెర పక్కన నిలబడి నటులకి మాటలందించే భార్య చేత కూడా పెట్టించి చూశాడు. నల్లకోటు దులుపుకుని రంగం మీద అడుగు పెట్టాడు. వెనక వరసలో అలవాటుగా ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన అటు చూడలేదు. మంచం దగ్గరికి నడిచి, ముసలాయన తలగడ పక్కనున్న జేబు గడియారం తీసి, చెవి దగ్గర పెట్టుకుని విని, మెల్లగా జేబులోకి జార్చాడు. గడియారం పడలేదు. నవ్వూ రాలేదు. హాలంతా చీమ చిటుక్కుమంటే వినబడేటట్టుంది. ముందు వరసలో కూర్చున్న రొట్టెల పెద్దావిడ చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంది.

తెర పక్కకొచ్చి భార్య చెయ్యి పట్టేసుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదని చెవిలో చెప్పాడు. ఆనందంతో ఆయన కాళ్లు నేలమీద నిలవడం లేదు.

అప్పుడు కూతురు ఏడ్చే ఘట్టం మొదలైంది. ఆ వేషం ఒక నర్సుది. పగలంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చి, ఆ పిల్ల నిజం కన్నీళ్లే పెట్టుకుంటుంది. అన్ని నాటకాల్లోనూ ఈపాటికి హాల్లో ముక్కులు చీదుకునే చప్పుడు వినబడాలి. ఈసారి ఎవరో దగ్గారు, ఎవరిదో కుర్చీ కిర్రుమంది, అంతే. మనుషులు కొయ్యబారిపోయి కూర్చున్నారు.

విరామంలో నర్సు బట్టల పెట్టె మీద కూలబడింది.

"బాబాయ్, నేనేడుస్తుంటే గోడకి చెప్పుకున్నట్టుంది. అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. అలా ఉంటే ఏడుపెక్కణ్ణించి వస్తుంది వాళ్లకి?"

ఆ మాట ఆయనకి తెలిసిందే. కొలతలివ్వడానికి నిలబడ్డ ప్రతివాడూ టేపు తగలగానే ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, లేని ఛాతీ చూపిస్తాడు. అప్పుడు కొలిస్తే కోటు పాడవుతుంది. అందుకే ఆయన ముందు ఏదో ఒక వెర్రి మాట అని నవ్విస్తాడు. నవ్వాక మనిషి వదులవుతాడు. అప్పుడు టేపు వేస్తాడు.

జేబులోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ నిశ్శబ్దం మళ్లీ వినాలని ఆయనకి ప్రాణం లాగేసింది. ఇన్నేళ్లకి దక్కింది, చేతులారా పోగొట్టుకోవాలా? అటు చూస్తే నర్సు ముఖం కడుక్కుంటోంది, ఎర్రబడ్డ కళ్లతో మళ్లీ ఏడవడానికి సిద్ధపడుతోంది. ఆయన కాలరు తడుముకున్నాడు. వేషం ఏదైనా సూది మాత్రం అక్కడే ఉంటుంది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?" అంది భార్య.

"జేబు కుడుతున్నా."

"మాస్టారు వేషం పీకేస్తారు."

"పీకేస్తే పీకేయనీ. ఆ పిల్ల ఏడుపు వృథా పోకూడదు."

భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది. తరవాత వంగి, మిగిలిన దారాన్ని పళ్లతో కొరికి తెంపింది.

రెండో అంకంలో కూతురు ఇంటి తాళంచెవి తెచ్చి దుర్మార్గుడి చేతిలో పెట్టాలి. పెట్టింది. ఆయన దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు. ఠంగుమని కిందపడింది. హాలు ఒక్క క్షణం నమ్మలేదు. ఆయన వంగి తీసి మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. ఇక ఆగలేదు జనం. బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలి నవ్వారు. రొట్టెల పెద్దావిడ సంచీ ఒళ్లోంచి జారి కిందపడింది. తెర పక్కన మాస్టారు తల పట్టుకున్నారు.

మూడోసారి తాళంచెవి నర్సే తీసి ఇచ్చింది. ఆయన జేబు లోపలికి తొంగిచూసి, పెద్దమనిషి తరహాలో గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, ఇంట్లో కత్తెరుందా?"

నవ్వు కప్పు ఎగిరిపోయేటట్టుంది. నాటకంలో లేని మాట అది. నర్సు తడబడలేదు. బల్ల మీదున్న కుట్టుపని బుట్టలోంచి కత్తెర తీసి, ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చినట్టు, పిడి ఆయన వైపు తిప్పి అందించింది.

ఆయన దారం కత్తిరించాడు. ఒక్కొక్క కుట్టూ తెగుతుంటే నవ్వు తగ్గుతూ వచ్చింది. జేబు తెరుచుకుంది. తాళంచెవి అందులో వేసుకుని, పైనుంచి అరచేత్తో తట్టుకుని, కత్తెర తిరిగి ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ పిల్ల కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన ఇల్లు తీసుకుపోయేవాడికి తన చేత్తోనే సాయం చేసింది. అది మొదట ఎవరికి తట్టిందోగాని, వెనక వరసలో ఒకరు వెక్కారు. తండ్రి కన్నుమూసే వేళకి హాలంతా వలవల ఏడుస్తోంది. మాస్టారు ఉత్తరీయం లేక చొక్కా చివరతోనే కళ్లు తుడుచుకున్నారు.

తెర పడ్డాక దర్జీ కోటు విప్పి, మడతపెట్టి, లారీ డ్రైవరు చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ముట్టుకున్నట్టే ముట్టుకుని తిరిగిచ్చేశాడు. ఆ జేబు కుట్టడం తన వల్ల కాదని, మాస్టారి వంక చూసి మరీ చెప్పాడు. మాస్టారు ముక్కు తుడుచుకుని, "రేపు కూడా కుట్టుకు రండి. కత్తెర మాట నాటకంలో రాసేస్తాను" అన్నారు.

అంతలో రొట్టెల పెద్దావిడ వచ్చింది. చేతిలో రొట్టె లేదు. దర్జీ అలవాటుగా బుగ్గ చూపించాడు. ఆవిడ గిల్లలేదు.

"ఛీ, నువ్వూ ఒక మనిషివేనా? ఆ పిల్ల చేతే కత్తెర ఇప్పించుకుంటావా? రేపు పొద్దున్నే వస్తాను, కుట్టమని నీకిచ్చిన నా కోటు నాకిచ్చెయ్. నీ దగ్గర ఇక కుట్టించను" అని విసవిసా వెళ్లిపోయింది.

దర్జీ ఇంటికెళ్లేదాకా భార్య చేత ఆ మాటలే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. 'ఛీ' దగ్గర ఇంకాస్త గట్టిగా అనమన్నాడు. ఇంటికెళ్లాక భోజనం కూడా మర్చిపోయి, ఈల వేసుకుంటూ ఆవిడ కోటు పూర్తిచేశాడు.

పొద్దున్నే పెద్దావిడ ముఖం గంటు పెట్టుకుని వచ్చింది. మాట్లాడకుండా కోటు తొడుక్కుంది. అద్దంలో చూసుకుంది. జేబులో చెయ్యి పెట్టబోయింది. చెయ్యి జారిపోయింది. ఈసారి ఆయన దారం లాగడం నిజంగానే మర్చిపోయాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన మిషను మీదున్న కత్తెర తీసి, పిడి ఆవిడ వైపు తిప్పి అందించాడు. పెద్దావిడ ఇస్త్రీ బల్ల పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కుట్లు తనే కత్తిరించుకుని గుమ్మం దిగుతూ ఆగింది.

"కోటు బావుంది. కానీ ఆ పిల్ల విషయంలో మాత్రం నిన్ను చచ్చినా క్షమించను."

దర్జీ రెండు చేతులూ జోడించి, తన జన్మకి అది చాలన్నాడు.